తాండూరు బండకు పార్కింగే గతి

హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇంట్లో నేల నడవడానికి కాదు. నడవడానికి రోడ్లున్నాయి (అవీ నడవనివ్వవు, అది ఇంకోసారి రాస్తాను). నేల ఉన్నది వచ్చినవాళ్లు చూసి "ఏం వేయించారండీ?" అని అడగడానికి. ఆ ప్రశ్నకు "తాండూరు బండలు" అని తలెత్తుకుని జవాబు చెప్పిన మనిషిని నేనీమధ్య చూడలేదు.

మే నెలలో ఇక్కడ ఎండ 42 డిగ్రీలకు వెళ్లినా ఎవరూ ఆశ్చర్యపోరు. జూన్ వచ్చిందంటే వాన, చెమ్మ, ఆరని బట్టలు. ఇలాంటి చోట కాలికి చల్లగా తగిలేది, తడికి ఉబ్బనిది, చెదలు పట్టనిది, జారనిది కావాలి. అలాంటి రాయి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, వికారాబాద్ జిల్లా తాండూరులో, భూమిలోంచి పొరలు పొరలుగా పలకల్లా ఊడివస్తుంది. అదే దాని కొంప ముంచింది. దగ్గర్లో దొరికేదానికి, అందులోనూ చవగ్గా దొరికేదానికి మర్యాద ఏముంటుంది? తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి ప్రత్యేక సరుకే అన్న ప్రభుత్వ ముద్ర) దొరికింది. తాండూరు బండకు మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ దొరికింది.

నేనూ శుద్ధపూసనేం కాదు. టైల్స్ షోరూమ్‌లో కుర్రాడు "కరారా", "స్టాచురియో" అని ఇటలీ పేర్లు చదువుతుంటే పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు తలూపాను. పెట్టె తిప్పి చూస్తే మోర్బీ, గుజరాత్ అని ఉంది. ఇటలీ రాతి బొమ్మను గుజరాత్‌లో పలక మీద అచ్చేస్తే దాని పేరు ఇటాలియన్ ఫినిష్. "నీళ్లు అర శాతం కూడా పీల్చదు సార్" అన్నాడు. నిజమే, పీల్చదు. ఆ నీళ్లన్నీ పైనే ఉంటాయి, మనం జారడానికి. కాస్త గరుకుగా ఉండే మ్యాట్ రకం చూపించమంటే మా ఆవిడ "బాత్రూమ్ టైల్‌లా ఉందండీ" అని ఒక్క మాటతో తేల్చేసింది. అంత చర్చలోనూ మా ఇద్దరి కాళ్లకూ చెప్పులున్నాయి. రేపు ఆ నేలను రోజంతా తొక్కాల్సిన పాదాలను ఎవరూ ఏమీ అడగలేదు.

మేస్త్రీ మాత్రం అడిగాడు. "పెద్దమ్మ ఉన్న ఇల్లు సార్, గింత నున్నగ ఎందుకు?" అన్నాడు. ఆయన మాట వినడానికి ఆయనకేమైనా ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉందా? మొదటి వానకే మా అమ్మ గుమ్మం దగ్గర గొడుగు దులిపి రెండడుగులు వేసింది. మూడోది టైలే వేయించింది. దేవుడి దయవల్ల సోఫా అడ్డం వచ్చింది.

ఎదురు ఫ్లాటాయన మాలాంటివాడు కాదు, అసలు సిసలు ఇటాలియన్ మార్బుల్ వేయించాడు. రోజుల తరబడి పాలిష్ మిషన్ మోత భరించాం. అద్దంలా తేలింది. తర్వాత గృహప్రవేశం. పసుపు, కుంకుమ, నూనె, నిమ్మకాయలు, పొంగే పాలు: మార్బుల్‌కు పడనివన్నీ ఒక్క పళ్లెంలో సర్దమంటే శత్రువు కూడా ఇంత శ్రద్ధగా సర్దలేడు. గడప దగ్గర తొక్కిన నిమ్మకాయ చిట్లి రసం పడ్డచోటల్లా మెరుపు పోయింది. మార్బుల్ కూడా మూలంలో సున్నపురాయే, పులుపు తగిలితే కొరుక్కుపోతుంది. (తాండూరు బండా సున్నపురాయే, దానికీ నిమ్మకాయ పడదు. కాకపోతే దాని మీద మచ్చ పడిందని ఎవరూ బీపీ మాత్ర వేసుకోలేదు.) ఒలికిన పసుపునీళ్లు సరిగ్గా బూటు ఆకారంలో ఆరాయి. మ్యాప్‌లో ఇటలీ కూడా ఇలాగే ఉంటుందని సర్దిచెప్పుకున్నాం.

ఇంతలో ఆవును తెచ్చారు. అది గుమ్మంలోంచి ఒక కాలు లోపల పెట్టింది, డెక్క జర్రున జారింది, కాలు వెనక్కి తీసుకుని నిలబడింది. బెల్లం చూపించారు, అరటిపండు చూపించారు, పురోహితుడు మంత్రం పెంచాడు. రానంటే రానంది. అక్కడున్న యాభై మందిలో నేల గురించి సరైన అభిప్రాయం దానికొక్కదానికే ఉంది.

గచ్చిబౌలి వైపు వెళ్తే ఇంకో వింత. 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్ గుట్టలను పేల్చి, ఆ గుంతలో టవర్లు లేపి, వాటిలో పరచడానికి రాయిని ఓడల్లో తెప్పించుకుంటున్నాం. పేల్చిన రాయి కంకరవుతుంది. పేరులోనే గచ్చు ఉన్న ఊరికి ఇంతకంటే గౌరవం ఏం చేస్తాం?

ఇక మా బావమరిది. మా కింది అంతస్తులోనే ఉంటాడు. విదేశంలో ఎవరింట్లోనో చూసొచ్చి, చెక్క ఫ్లోరింగ్ వేయించాడు. మంచు కురిసే దేశంలో చెక్క ఎందుకంటే కాలికి వెచ్చగా ఉంటుందని. రాయి కాలిలోని వేడిని చటుక్కున లాగేస్తుంది, చెక్క లాగదు. మేలో వెచ్చదనం కొరత ఉన్న ఇల్లు హైదరాబాద్‌లో ఇదొక్కటే అనుకున్నాను. నిజానికి అది చెక్క కూడా కాదు, చెక్కపొడి వత్తి చేసిన పలక. జులైలో కిటికీ వేయడం మరిచి ఊరెళ్లారు. వచ్చేసరికి కిటికీ కింద పలకలు పూరీల్లా పొంగి కూర్చున్నాయి. ఇప్పుడు వానాకాలమంతా ఆ గదికి ఏసీ వేసి ఉంచుతున్నాడు, మనుషుల కోసం కాదు, నేల కోసం.

మా ఫ్లాట్‌లో బట్టలుతికే యుటిలిటీని ఎవరూ చూడరు కదా అని బిల్డర్ అక్కడ తాండూరు బండ వేశాడు. పోయిన మేలో ఒక మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. జనరేటర్ లిఫ్టుకూ లైట్లకూ తప్ప ఏసీకి చాలదు. హాల్లో పడమటి అద్దాల తలుపులోంచి ఎండ పడి మా ఇటాలియన్ ఫినిష్ పెనంలా కాలింది. అమ్మ దిండు తీసుకుని నేరుగా యుటిలిటీకి నడిచింది. వెనక మా ఆవిడ, పిల్లలు, చివర నేను. వాషింగ్ మిషన్‌కీ సర్ఫ్ డబ్బాకీ మధ్య చొక్కా విప్పి బండకు వీపు ఆనించాను. కుండలో చెయ్యి పెట్టినట్టుంది.

పావుగంటకు బెల్ మోగింది. బావమరిది, చంకలో దిండు. హాలు వంక కన్నెత్తి కూడా చూడకుండా వచ్చాడు.

"బావా, కొంచెం జరుగు."