ఇదే సముద్రం, బాబూ

ఇంట్లో చెదలు పట్టాయి. మందు కొట్టేవాళ్లు వచ్చి, గోడల వెంబడి రంధ్రాలు పెట్టి, అందులో ఏదో పోసి, వాసన పోయేదాకా ఇంట్లో పడుకోవద్దన్నారు. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. నాకు ఆఫీసు ఉంది. అలా పెరంబూరులో కాపురం ఉంటున్న నేను చెన్నైలోనే హోటల్లో దిగాల్సి వచ్చింది.

ఫోనులో గది ఖాయం చేసుకుని, ముందే డబ్బు కట్టి, పెట్టె పట్టుకుని మౌంట్ రోడ్డు పక్కనున్న ఒక అద్దాల హోటలుకు వెళ్లాను. కౌంటరులో కుర్రాడు నా డ్రైవింగ్ లైసెన్సును అటూ ఇటూ తిప్పి చూసి, "మీది ఈ ఊరే కదా సార్?" అన్నాడు. అవునన్నాను, కాస్త గర్వంగానే. "ఈ ఊరివాళ్లకు గది ఇవ్వం సార్" అని లైసెన్సు వెనక్కి ఇచ్చేశాడు.

ఇది చట్టమేమీ కాదు. హోటళ్లు తమకు తాము పెట్టుకున్న నియమం. సొంత ఊళ్లో గది అడిగేవాడు ఇంట్లోంచి గెంటించుకున్నవాడైనా అయి ఉండాలి, ఏదో గూడుపుఠాణి చేయబోతున్నవాడైనా అయి ఉండాలని వాళ్ల సిద్ధాంతం. చెదలు అనే మూడో కారణం వాళ్ల కంప్యూటరులో లేదు. అదే పొరుగూరివాడైతే, అక్కడ ఏం వెలగబెట్టి వచ్చినా సరే, నమస్కారం పెట్టి తాళంచెవి చేతికిస్తారు. కట్టిన డబ్బు పనిదినాల్లో వాపసు వస్తుందన్నారు. ఆ హోటలుకు ఇంకా పనిదినాలు మొదలైనట్టు లేదు.

తిరువల్లిక్కేణి ఆదుకుంది. ట్రిప్లికేన్ అంటే అందరికీ తెలుస్తుంది. బ్రహ్మచారులుండే మాన్షన్లకు పేరుపడ్డ పేట కదా, అక్కడ ఎవడికైనా ఒక మంచం దొరకకపోదని ఆశ. పార్థసారథి స్వామి గుడికి దగ్గర్లో ఒక చిన్న లాడ్జి కనిపించింది. ఈసారి తెలివిగా ఆధార్ కార్డు తీశాను. అందులో ఇప్పటికీ తెనాలి చిరునామానే ఉంది. మార్పించుకోమని మా ఆవిడ ఏళ్ల తరబడి పోరుతున్నా వినలేదు. పురుషుడి బద్ధకానికి దూరదృష్టి ఉంటుందని ఆవిడ ఎప్పటికీ ఒప్పుకోదు.

"తెనాలా!" అని లాడ్జి పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వాళ్ల తాతలు నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. డవరా గ్లాసులో కాఫీ వచ్చింది. పెట్టె నా చేతిలోంచి మాయమైంది. పెద్దాయన రిజిస్టరు తెరిచి, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ పని మీద అనే గడులు తానే నింపడం మొదలుపెట్టాడు. మొదటి రెండింట్లో తెనాలి, తెనాలి అని రాసుకుని మూడోదాని దగ్గర ఆగి, "కంటి ఆపరేషనా బాబూ?" అన్నాడు. కాదన్నాను. "పెళ్లిచీరలా?" అదీ కాదన్నాను. మనవాళ్లు ఈ రెండింటికి తప్ప మద్రాసు రారని ఆయన లెక్క. కాసేపు ఆలోచించి, మొహం వికసించి, "అయితే ఊరు చూడటానికి వచ్చారన్నమాట! ఆదివారం నేనే తిప్పుతాను" అన్నాడు. అప్పుడే నోరు విప్పి ఉండొచ్చు. కానీ తాళంచెవి ఇంకా బల్లకు అవతలే ఉంది.

ఆ లాడ్జిలో ఆదరణకు తలుపు గొళ్లెం అడ్డం కాదు. పొద్దున్నే చక్కెర పొంగలి ప్రసాదం వచ్చేది. ఆఫీసుకు బయల్దేరుతుంటే దారి తప్పుతానేమోనని, నేను రోజూ ఎక్కే బస్సు నంబరు చీటీ మీద రాసిచ్చేవాడు.

ఆదివారం తెల్లవారకముందే తలుపు తట్టాడు. మంకీ క్యాపు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నాకూ ఒకటి తెచ్చాడు. దారి పొడవునా చరిత్రే. 1639లో ఈ నేలను ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన ఫ్రాన్సిస్ డేకి ఇచ్చింది మన దామెర్ల వెంకటాద్రి నాయకుడేనని, ఆయన తండ్రి చెన్నప్ప పేరే చెన్నపట్నమైందని, అంటే ఇది మన ఇల్లే అనుకుని తిరగమని చెప్పాడు. మన ఇల్లే! 'మద్రాసు మనదే' అని ఊరేగింపులు తీసినవాళ్లు, చివరికి అది ఏ కార్డులోనూ కనిపించకూడదని ఊహించి ఉండరు.

వివేకానందర్ ఇల్లం దగ్గర ఆపాడు. 1842లో కట్టిన ఐస్ హౌస్ ఇదే. అమెరికాలో గడ్డకట్టిన చెరువుల మీద మంచు కోసి, ఓడల్లో ఇక్కడికి తెచ్చి దాచేవారు. 1897లో వివేకానందుడు విదేశాల నుంచి తిరిగొచ్చినప్పుడు తొమ్మిది రోజులు ఇందులోనే ఉన్నాడు. పెద్దాయన భక్తిగా చెప్తున్నాడు గానీ నా మనసు మౌంట్ రోడ్డు మీదే ఉంది. అమెరికా నుంచి వచ్చిన మంచుగడ్డకు ఈ ఊళ్లో బస దొరికింది. పెరంబూరు నుంచి వచ్చినవాడికి దొరకలేదు.

రోడ్డు దాటి ఇసుకలోకి దిగాం. కొంత దూరం నడిచాక పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, చీకట్లో ఎదురుగా కదులుతున్నదాన్ని చూపించి, మెల్లగా అన్నాడు: "ఇదే సముద్రం, బాబూ."

అని, సముద్రం వైపు చూడకుండా నా మొహం వైపు చూస్తూ నిలబడ్డాడు.

నాకు అసలు కష్టం అప్పుడు తెలిసింది. మెరీనాకు నేను ఎన్నిసార్లు వచ్చి ఉంటానో లెక్కలేదు. పిల్లలకు ఇక్కడే గుర్రం ఎక్కించాను, ఇక్కడే ఒక చెప్పు పోగొట్టుకున్నాను. అన్నీ చూసిన ఆ సముద్రాన్నే తొలిసారి చూస్తున్నవాడి మొహం పెట్టాలి. అసలు తొలిసారి చూసేవాడు ఏం చేస్తాడు? "అబ్బ!" అంటే సరిపోతుందా, "అబ్బో!" అనాలా? కళ్లు పెద్దవి చేసి "ఎంత పెద్దదో!" అన్నాను. ఆయన తల ఊపాడు గానీ తృప్తి పడలేదు. నోరు తెరిచాను. మంకీ క్యాపులో నోరు తెరిచినా కనపడదని తరవాత తట్టింది. ఇంకేదో కావాలి ఆయనకు. వంగి, ఒక అల నీళ్లు దోసిట్లోకి తీసుకుని, నాలుక మీద వేసుకుని, "ఉప్పగా ఉన్నాయే!" అన్నాను. అంతే, ఆయన మొహం చతికిలబడ్డ దీపం ఎగదోసినట్టు వెలిగిపోయింది. "బంగాళాఖాతమంతా అంతే!" అన్నాడు, తానే కలిపినట్టు.

అసలు తెనాలివాళ్లకు సముద్రం కొత్తేమిటి? బాపట్ల దాకా వెళ్తే సూర్యలంక, కార్తికమాసం వచ్చిందంటే స్నానాలకు అక్కడ జనమే జనం. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఉప్పునీళ్లతో పాటు మింగేశాను.

"ఆగండి, ఇప్పుడు సూర్యుడు వస్తాడు" అన్నాడు. వచ్చాడు. మళ్లీ నా మొహం వైపు చూశాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఈసారి చేతులు జోడించాను. చుట్టుపక్కల నడకకు వచ్చినవాళ్లు ఇద్దరు ఆగి, ఏమైనా జరిగిందేమోనని ఆరా తీశారు. "మొదటిసారి చూస్తున్నారు" అని పెద్దాయన వాళ్లకు గొంతు తగ్గించి చెప్పాడు. వాళ్లూ నిలబడ్డారు, నన్ను చూడటానికి.

సరిగ్గా అప్పుడే, శ్రామికుల విగ్రహం వైపు నుంచి చేతులు ఊపుకుంటూ మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శి వచ్చాడు. ఆదివారాలు కారేసుకుని ఇంతదూరం వచ్చి నడిచే మనిషి. మంకీ క్యాపులో ఉన్నా గుర్తుపట్టేశాడు. బాకీ ఉన్నవాణ్ని సంఘం కార్యదర్శి ఎక్కడైనా గుర్తుపడతాడు.

"ఏం సార్, చెదల మందు వాసన పోయిందా? నీళ్ల మోటారు డబ్బు మీ ఒక్కరిదే ఆగిపోయింది" అన్నాడు, అలల హోరును మించిన గొంతుతో, తెలుగులో.

పెద్దాయన ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. "మీకు వీరు తెలుసా?" అన్నాడు.

"తెలియకపోవడమేమిటండీ! పెరంబూరులో మా పైఅంతస్తే కదా! పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు."

నిలబడి చూస్తున్న ఇద్దరూ నడక కొనసాగించారు. నేను చెదల గురించి, అద్దాల హోటలు గురించి ఏదో గొణిగాను. అదంతా కార్యదర్శి ఆసక్తిగా విని, పెద్దాయన వైపు తిరిగాడు. "మాకూ వచ్చే వారం మందు కొట్టిస్తున్నామండీ. మీ లాడ్జిలో నాకొక గది ఇస్తారా?"

"మీ కార్డులో ఏ ఊరు ఉంది బాబూ?"

"పెరంబూరే."

"ఈ ఊరివాళ్లకు ఇవ్వం" అన్నాడు పెద్దాయన, ఎంతో మర్యాదగా. నా చెయ్యి పట్టుకుని, "రండి బాబూ, ఇంకా లైట్‌హౌస్ చూడాలి మీరు. దానికి లిఫ్టు కూడా ఉంది" అని ముందుకు నడిపించాడు.