రీళ్లు తారుమారైతే ఎవరికి తెలుస్తుంది?

శాన్‌ఫ్రాన్సిస్కోలో కాస్ట్రో థియేటర్ 1922 నాటిది. ఆటకి ముందు ఆర్గాన్ వాయించడం అక్కడ ఏళ్ల తరబడి ఆచారంగా ఉండేది. అలాంటి పాత హాల్లో దర్శకుడు హిచ్‌కాక్ ‘వర్టిగో’ (1958) వేస్తే ఆ ఊరి జనానికి పండగే. హీరో కారు తిరిగేది వాళ్ల వీధుల్లోనే మరి!

చిక్కల్లా ఇలాంటి సినిమాని పాత పద్ధతిలో, 35 ఎం.ఎం. ప్రింటుతో వేసినప్పుడే. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది. మన లెక్కలో రీలంటే వెయ్యి అడుగులు. అమెరికా డబ్బాలో పట్టేది రెండు వేలు, అంటే మహా అయితే 22 నిమిషాలు. అందుకే రెండు మెషీన్లు, ఒకదాంట్లో రీలు అయిపోతుంటే రెండోది అందుకోవాలి. తెర కుడి పైమూల చుక్క మెరవగానే ఆపరేటర్ రెండో మెషీన్ మోటారు వెయ్యాలి. ఏడు సెకన్లకు ఇంకో చుక్క, బొమ్మ మార్చెయ్యాలి. చుక్క ఉండేది నాలుగు ఫ్రేములు, సెకనులో ఆరో వంతు. సరిగ్గా అప్పుడే ఆయన శాండ్‌విచ్ కొరికితే తెర తెల్లబోతుంది, ఆయన కంటే ముందు.

వేరే సినిమా అయితే జనం గోల చేస్తారు. ఇక్కడ చెయ్యరు. హీరోకి ఎత్తంటే కళ్లు తిరిగే జబ్బు కదా! తిరిగి చుట్టని రీలు అలాగే ఎక్కించేస్తే బొమ్మ తలకిందులుగా, మాటలు వెనకనుంచి ముందుకి వస్తాయి. “కళ్లు తిరగడం అంటే ఇదీ!” అని హాలు మురిసిపోతుంది.

రీళ్లు తారుమారైతే మరీ సుఖం. కిందటి థియేటర్ వాళ్లు ఒక రీలుని ఇంకో డబ్బాలో పెట్టి పంపుతారు, ఇక్కడివాళ్లు ఫిల్ము మొదట్లో రాసిన నంబరు చూడకుండా డబ్బా మూతని నమ్ముతారు. పోయిన మనిషి నిక్షేపంగా వీధిలో నడుచుకుంటూ వస్తుంది. అసలు కథలోనూ అంతే! డబుల్ రోల్స్ మీద పెరిగిన తెలుగువాడు ఆ హాల్లో ఉంటే బుగ్గన పుట్టుమచ్చ కోసం వెతుకుతాడు, అది లేకపోతే జాతరలో తప్పిపోయిన కవలలని తేల్చేస్తాడు.

ఆపరేటర్ కిందికి దిగివచ్చి పొరపాటైందని చెప్పేసరికే మూడో వరుసలో ఒకాయన పక్కావిడకి ఆ తారుమారులోని అంతరార్థం పూర్తిగా వివరించేసి ఉంటాడు. సరిచేసి మళ్లీ వేస్తామంటే ముందు వద్దనేది ఆయనే.