నుడికారం కోసం నాలుగు చుక్కలు

"డబ్బు మంచినీళ్లలా ఖర్చుపెడుతున్నాడు" అని మనవాళ్లు తిడుతుంటారు. రేపు అందరూ మంచినీళ్లను కూడా కొలిచి వాడటం మొదలుపెడితే ఆ తిట్టు కాస్తా పొగడ్త అయిపోదూ! అందుకే ఇళ్లలో నీటి పొదుపును భాషాభిమానిగా నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

మా ఇంట్లో భాషాసేవ ఎక్కువగా చేస్తున్నది వంటింటి కుళాయి. సెకనుకో చుక్క. గిట్టనివాళ్లు దానికీ లెక్క తీశారు: రోజుకు 86,400 చుక్కలు, ఏడాదికి వేల లీటర్లు. లోపల అరిగిపోయిన వాషర్ మారిస్తే ఆగిపోతుందట. ఆ టప్ టప్ వినపడకపోతే నాకు నిద్ర పట్టదు. వినపడినా పట్టదు, అది వేరే సంగతి.

పళ్లు తోముకునేటప్పుడు కుళాయి కట్టేయాలట. నిమిషానికి 6 లీటర్లు లెక్కేసుకున్నా రెండు నిమిషాలకు 12 లీటర్లు పోతాయి, పుక్కిలించడానికి గ్లాసుడు చాలు. నిజమే. కానీ నీళ్ల చప్పుడు లేకుండా, నురగ మూతితో, అద్దంలో మన ముఖం మనమే చూసుకుంటూ రెండు నిమిషాలు నిలబడాలి. అంత గుండెధైర్యం ఎంతమందికుంది?

ఫ్లష్ ట్యాంకు జోలికి కూడా వచ్చారు. పాత రకమైతే ఒక్కసారికి 10 లీటర్ల పైనే వదులుతుంది. లీటరు సీసా నిండా నీళ్లు నింపి, మూత బిగించి అందులో పెడితే ప్రతిసారీ ఒక లీటరు మిగులుతుందట. అంతకంటే దుర్మార్గమైన పరీక్ష ఇంకోటుంది. ట్యాంకులో కాస్త రంగు కలిపి, పావుగంట ఫ్లష్ చేయకుండా ఆగాలి. కమోడ్‌లోకి రంగు దిగితే లీకేజీ ఉన్నట్టే. దయచేసి ఎవరూ చేయకండి. నేను చేశాను. పావుగంట అక్కర్లేకపోయింది.

ఇక ఆర్వో ఫిల్టర్. అదో ఇంటర్వ్యూ బోర్డు. ఒక లీటరును ఎంపిక చేసి, రెండు మూడు లీటర్లను బయటికి పంపేస్తుంది. అలా ఫెయిలైన నీళ్లకు నేల తుడిచే ఉద్యోగమైనా ఇవ్వాలని మా ఆవిడ గొట్టం కింద బకెట్ పెట్టింది. అది నిండి, పొర్లి, హాల్లోకి వచ్చేసింది. నా తప్పేం లేదు. అప్పటికి అరగంటగా నేను షవర్ కిందే ఉన్నాను.

ఆఖరికి ఆవిడే ప్లంబర్‌ని పిలిచింది. కుళాయి, ట్యాంకు రెండూ కాసేపట్లో బాగుచేసి, "ఎన్నాళ్ల నుంచి కారుతోంది సార్?" అన్నాడు.

ఒక్క చుక్క కింద పడకుండా నీళ్లు నమిలాను.