23వ కీర్తన దగ్గర కాపురం పెట్టిన రిబ్బను గారికి

ఎర్ర రిబ్బను గారికి,

వందనాలు. బైబిల్లో పేజీ గుర్తుగా ఉండే మీకు తలేమో దాని వెన్నుకు అంటుకుని, తోకేమో అట్ట కింద వేలాడుతూ, నడుమేమో 23వ కీర్తనలో. పచ్చికగల చోట్లు, శాంతికరమైన జలాలు ఉన్న పేట కాబట్టి మీరు అక్కడే స్థిరపడిపోయారంటే అర్థం చేసుకోగలం. కానీ అక్కడి నుంచి సామెతల గ్రంథం మహా అయితే 127 కీర్తనల దూరం. కాగితాల లెక్కన చూస్తే వేలి మందం. ఆ మాత్రం నడవలేకపోవడానికి మీరేం కారణం చెబుతారో తెలియదు గానీ, ఆ పుస్తకంలో ఒకాయన బయట సింహం ఉందంటూ గడప దాటడు (22:13). నాలుగు అధ్యాయాల తర్వాత 26:13లో చూసినా అదే సింహం, అదే గడప. ఈలోపు అది ఎవరినైనా కరిచిన దాఖలా లేదు.

ఆయన పేరు సోమరి. హీబ్రూలో ఆ మాట సామెతల్లో 14 సార్లు వస్తుంది. 26వ అధ్యాయం 13 నుంచి 16 వరకు వరసగా నాలుగు వచనాలు ఆయనకే కేటాయించారు. కీలు మీద తలుపు తిరిగినట్టు మంచం మీద తిరుగుతాడట. తలుపు రోజంతా కదులుతూనే ఉంటుంది, ఒక్క అంగుళమైనా ముందుకు పోదు. మీ చుట్టూ పేజీలు అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు ఈ వచనం ఎప్పుడైనా మీ కంటపడిందా?

పోనీ కదిలినప్పుడైనా మీ ధోరణి బాగుంటుందా అంటే, అదింకో బాధ. జనవరి 1న మీకు హఠాత్తుగా పూనకం వస్తుంది. సామెతలు 31 అధ్యాయాలు, నెలకు 31 రోజులు, కనుక రోజుకొకటి. పథకం ముచ్చటగానే ఉంది. కాకపోతే ఏడాదిలో 31 రోజుల నెలలు ఏడే. కనుక రాజైన లెమూయేలుకు వాళ్లమ్మ చేసిన హితబోధ, తాగి తీర్పు చెప్పకు, నోరులేనివాళ్ల పక్షాన నోరు తెరువు అన్న మాటలు, ఏడాదికి ఏడుసార్లే మీ దర్శనానికి నోచుకుంటాయి. పేదరికమూ వద్దు ఐశ్వర్యమూ వద్దు, తగినంత తిండి పెట్టమని ఆగూరు అనే ఆయన చేసిన ప్రార్థన 30వ అధ్యాయంలో ఉంది. ఫిబ్రవరిలో అది ఏటా ఎగిరిపోతుంది. దానికి మీరెప్పుడూ బెంగపడినట్టు లేదు.

అసలు తప్పు కేలెండరుది కాదు, వేగానిది. 1 నుంచి 9 అధ్యాయాలు ఏకబిగిన చదవొచ్చు. అవి తండ్రి కొడుకును కూర్చోబెట్టి చెప్పే పెద్ద పెద్ద ఉపదేశాలు, మధ్యలో జ్ఞానం ఒక స్త్రీగా వీధుల్లో నిలబడి కేకలేస్తుంది. 10:1 దగ్గర దారి మారుతుంది. అక్కణ్ణుంచి 22:16 దాకా 375 విడి సామెతలు. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక అంకె విలువ ఉంటుంది, ఈ సామెతల రాజు సొలొమోను పేరులోని అక్షరాల విలువ కూడినా 375 వస్తుంది, పాత రాయసగాళ్ల సరదా కావచ్చు. దాదాపు అన్నీ రెండేసి పాదాలు. 10 నుంచి 15 అధ్యాయాల్లో ఎక్కువ భాగం మొదటి పాదం ఒక మనిషిని చూపిస్తుంది, రెండోది వాడి ఎదురు మనిషిని. మనం వాళ్లిద్దరిలో ఎవరమో తేల్చుకోవడానికి ఆ రెంటి మధ్య ఒక్క క్షణం ఆగాలి. 10వ అధ్యాయంలో సామెతలు 32 ఉన్నాయి. మీరు నాలుగు నిమిషాల్లో దాటించేస్తారు. 32 మాత్రలు ఒకే గుక్కలో మింగి, రోగం తగ్గలేదని వైద్యుణ్ణి తిట్టినట్టుంటుంది. 25 నుంచి 29 అధ్యాయాల సామెతలైతే సొలొమోనుకు రెండు వందల ఏళ్ల తర్వాత వచ్చిన హిజ్కియా రాజు మనుషులు ఎత్తి రాసినవని 25:1 చెబుతోంది. ఎత్తి రాయడానికే తరాలు ఆగిన సరుకును మీరు నెలాఖరుకల్లా ముగించి, మళ్లీ మొదటికొస్తారు.

జ్ఞానం అన్న చోట హీబ్రూలో ఉండే మాట హొక్మా. నిర్గమకాండము 31:3లో ఆరాధన గుడారపు పనికి పిలిచిన బెసలేలుకు దేవుడిచ్చింది కూడా ఇదే హొక్మా. బంగారం, వెండి, ఇత్తడి, రత్నాలు, చెక్క. అంటే ఇది చేతి పనివాడి నేర్పు. చెక్క చెక్కడం మీద పుస్తకం చదివినవాణ్ణి వడ్రంగి అనరు కదా? అయితే సామెతలు 2వ అధ్యాయంలో ఒక తమాషా ఉంది. 4వ వచనం దాన్ని వెండి కోసం తవ్వినట్టు వెతకమంటుంది, 6వ వచనం యెహోవాయే దాన్ని ఇస్తాడంటుంది. తవ్వేవాళ్లు తమ చెమటే అంతా అనుకోకూడదు, అడిగేవాళ్లు పలుగు పక్కన పెట్టకూడదు. మీరు రెండూ చేయరు, పేజీ గుర్తు పెడతారు.

మాటనే తీసుకుందాం, మీ దగ్గర అందరికీ కంఠస్థమైంది 15:1. మృదువైన మాట క్రోధాన్ని చల్లారుస్తుంది. గోడల మీద కూడా రాస్తారు. నెల తిరక్కుండానే ఆ ఇంట్లోనే ఫిర్యాదు: మెత్తగానే మాట్లాడాను, అయినా పోట్లాట ఆగలేదు. ఎందుకాగుతుంది? మెత్తదనం ఆ పనిలో చివరి మెట్టు, వాళ్లు నేరుగా దాని మీదికే దూకారు. మొదటి మెట్టు 18:13: సంగతి వినకముందే జవాబిస్తే మూఢత్వమూ సిగ్గూ. ఎదుటి మనిషి వాక్యం పూర్తయ్యాక, అతను చెప్పింది మన మాటల్లో తిరిగి చెప్పి, అవునా అని అడిగి, అతను అవుననేదాకా జవాబు మొదలుపెట్టకూడదు. ఇది ఒక్కటి చేసేసరికే సగం కోపాలకు చెప్పుకోవడానికి కథ మిగలదు. రెండోది 18:17: మొదట మాట్లాడినవాడిదే న్యాయంగా కనబడుతుంది, ఎదుటివాడు వచ్చి అడిగేదాకా. ఇద్దరి తగవులో మూడోవాళ్లైతే రెండో పక్షం వినకుండా తల కూడా ఊపొద్దు. ఆ ఊపిన తలే సాయంత్రానికి సాక్ష్యమవుతుంది. తర్వాత 15:28, జవాబును లోపల తిప్పుకోవడం. కోపంగా ఉన్నరోజు ఆ తిప్పుకోవడానికి ఒక రాత్రి పట్టినా నష్టం లేదు. ఆపైన 15:23, తగిన సమయం. ఈ సమయం సంగతిలో సామెతలకు హాస్యం కూడా తెలుసు: తెల్లారకుండానే లేచి గొంతెత్తి స్నేహితుణ్ణి దీవిస్తే అది శాపం కింద లెక్కట (27:14). మాట మంచిదే, గడియారం చూసుకోలేదు. ఇవన్నీ అయ్యాక వస్తుంది 15:1.

వరస తప్పితే ఏమవుతుందో కూడా ఆ పుస్తకమే చెప్పింది. లోపల పగ, పెదవుల మీద ప్రేమ: మంటి పెంకు మీద వెండి పూత (26:23). వినకుండా మెత్తగా మాట్లాడేవాళ్ల గొంతు వెండిలా మోగుతుంది, గీకితే పెంకు. చిత్రమేమిటంటే గట్టిగా అరిచేవాడికి తన తప్పు మర్నాటికైనా తెలుస్తుంది. పూత పూసుకున్నవాడికి తెలియదు, పైగా తనది సాత్వికమనుకుంటాడు.

ఇక తూకం. మాట మీద ఉన్నన్ని ప్రసంగాలు దీని మీద ఉండవు, ఎందుకో మీకూ నాకూ తెలుసు. త్రాసు, తూకపు రాళ్ల గురించి సామెతలు నాలుగు చోట్ల మాట్లాడతాయి: 11:1, 16:11, 20:10, 20:23. ఆ రోజుల్లో తూనికకు రాళ్లే వాడేవారు, సంచిలో వేసుకుని తిరిగేవారు. 20:10లో హీబ్రూ మాట అక్షరాలా “రాయీ రాయీ”. కొనేటప్పుడు బరువైన రాయి వేస్తే సరుకు ఎక్కువొస్తుంది, అమ్మేటప్పుడు తేలికది వేస్తే సరుకు తక్కువ పోతుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. త్రాసు ముల్లు కూడా సరిగ్గా మధ్యలోనే నిలబడుతుంది. మోసం త్రాసులో లేదు, సంచిలో ఉంది. కొనేవాడికి అందనిది కాబట్టే 16:11 ఆ సంచిలోని రాళ్లన్నీ యెహోవా ఏర్పాటని అంటుంది. గ్రంథానికి తలుపులాంటి 1:7లో యెహోవా పట్ల భయభక్తులు తెలివికి మూలమన్న మాటకు బజారు భాషలో అర్థం ఇదే.

కొనేవాణ్ణి మాత్రం వదిలారా? బేరమాడుతున్నంతసేపు బాలేదు బాలేదు అంటాడు, పక్కకెళ్లి ఎంత చవగ్గా కొట్టుకొచ్చానో చూడమంటాడు (20:14). ఒక్క వచనంలో మనిషి మొత్తం దొరికిపోయాడు. ఈ రెండు రాళ్ల సంచి అంగడి దాటి ఇంట్లోకీ వస్తుంది. మనం ఆలస్యమైతే దారి బాలేదు, పక్కవాడు ఆలస్యమైతే మనిషి బాలేడు. దీనికి పరీక్ష సులువు: నిన్న ఎవరి మీదైనా చెప్పిన తీర్పు కాగితం మీద రాసి, పేరు కొట్టేసి, ఆ చోట మన పేరు పెట్టి చదవాలి. మింగుడుపడకపోతే రాయి మారినట్టే.

మీరిప్పుడు సొలొమోను మాటెత్తుతారని తెలుసు. 3,000 సామెతలు చెప్పాడు, 1,005 కీర్తనలు పాడాడు (1 రాజులు 4:32). అదే పుస్తకం 11:3లో 700 మంది భార్యలు, 300 మంది ఉపపత్నులు. రాజు అనేక స్త్రీలను వివాహం చేసుకోకూడదని, ధర్మశాస్త్రాన్ని తన చేత్తో నకలు రాసుకుని బ్రతికినన్నాళ్లూ చదవాలని ద్వితీయోపదేశకాండము 17లో ముందే ఉంది. సామెత తెలియక పడిపోయాడనడానికి వీల్లేని ఏకైక మనిషి ఆయన. గిబియోను అనే ఊళ్లో కలలో దేవుణ్ణి ఆయన అడిగింది హీబ్రూలో “వినే హృదయం” (1 రాజులు 3:9). చివరికి పోగొట్టుకున్నదీ అదే, నోరు కాదు.

ఇంకొక పేచీ ఉంది. మీరు ఒక చోటే పడుకుంటారు కాబట్టి ఒక వచనమే కనిపిస్తుంది, పక్కది కనిపించదు. మూర్ఖుడికి వాడి మూఢత్వం చొప్పున జవాబివ్వొద్దని 26:4, ఇవ్వమని 26:5. రెండూ పక్కపక్కనే పెట్టారంటే మరచిపోయి కాదు. మొదటిది మీరూ వాడిలా అయిపోతారని, రెండోది వాడు తనకు తానే జ్ఞాని అనుకుంటాడని. ఎదుట ఉన్నది ఏ ప్రమాదమో చూసుకునే పని చదివేవాడిది. 22:6ను కూడా ఇలాగే ఒంటరిగా పట్టుకుని, బిడ్డను సరైన త్రోవలో పెంచితే తొలగిపోడన్నదాన్ని హామీ పత్రంలా చేసి, తొలగిపోయిన బిడ్డ తల్లిదండ్రుల చేతిలో పెడతారు. సామెత లోకం సాధారణంగా నడిచే తీరు చెబుతుంది, పూచీకత్తు రాసివ్వదు. అలా పూచీకత్తులు రాసిచ్చినవాళ్లు, కష్టాల్లో ఉన్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు. ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు (యోబు 2:13), వాళ్లు చేసిన మంచి అంతా ఆ వారంలోనే ఉంది. నోరు తెరిచాక చెప్పినవాటిలో చాలా మాటలు విడిగా చూస్తే సామెతల్లో ఇమిడిపోతాయి. అయినా మీరు యుక్తంగా మాట్లాడలేదని యోబు 42:7లో దేవుడి చేతనే అనిపించుకున్నారు. కుంటివాడి కాళ్లు వేలాడినట్టు మూర్ఖుల నోట సామెత వేలాడుతుందని సామెతలు 26:7 అన్నది అందుకే. వేలాడటం గురించి మీకు వేరే చెప్పాలా.

సరే, ఇప్పుడు చేయాల్సింది. వచ్చే సోమవారం మీరు 18:13 మీద పడుకోండి. నచ్చిందని కాదు, నిన్న తప్పింది అక్కడ కాబట్టి. వచనాన్ని ఎప్పుడూ నిన్నటి దెబ్బను బట్టే ఎంచుకోవాలి. వారం కదలొద్దు. రోజూ రాత్రి మూడే ముక్కలు రాయాలి: ఎవరితో, ఎక్కడ మధ్యలో అందుకున్నాం, అందుకోకపోతే ఏం వినేవాళ్లం. వారం పొడుగునా మూడో ముక్క ఖాళీగా ఉంటే ఇంకో వారం అక్కడే. మూడో వారానికి చేరేసరికి విసుగొస్తుంది. 24:16 నీతిమంతుడు ఏడుసార్లు పడినా లేస్తాడంటుంది కాబట్టి లెక్క పెట్టుకోవచ్చు. రాసింది ఒక మనిషికి చూపించాలి, పొగిడేవాడికి కాదు, 27:6 చెప్పినట్టు గాయపరిచేంత స్నేహం ఉన్నవాడికి. అతను వేలెత్తి చూపగానే మన లోపల ఏది లేస్తుందో 9:8 దగ్గర సరిచూసుకోవాలి. ద్వేషం లేస్తే అపహాసకులం, ప్రేమ లేస్తే ఆశ ఉంది. మరీ ముఖ్యంగా, ఆ వచనం ఇంట్లో ఇంకెవరికో సరిపోతుందని తోచిన క్షణంలో పుస్తకం మూసేయాలి. ఆ రోజు పాఠం చెడిపోయినట్టే.

ఆ ఆఖరిది రాస్తుంటే నాకూ ఇబ్బందిగానే ఉంది. ఇన్నాళ్లూ మిమ్మల్ని ఆ కీర్తన దగ్గర పెట్టింది నేనే, వచనం కింద గీత గీసి పక్కవాళ్ల వైపు తిప్పిందీ నేనే. సామెతలు 6:13లో పనికిమాలినవాడి గుర్తుల్లో కన్ను గీటడం, కాలితో సైగ చేయడం తర్వాత మూడో గుర్తుగా నా ప్రస్తావన ఉంది.

ఇట్లు,
చూపుడు వేలు