బుక్క జేఏసీ

ఏడాదిన్నర పిల్లవాడికి నాలుగు బుక్కలు తినిపించాలంటే మా ఓరుగల్లు దిక్కు తక్కువలో తక్కువ ఐదుగురు మనుషులు కావాలి. బుక్క పట్టుకునేవారు ఒకరు. ఫోన్ పట్టుకునేవారు ఒకరు. కాళ్ళు పట్టుకునేవారు ఒకరు. "అగో కాకి, అగో పిట్ట" అని ఆకాశం చూపించేవారు ఒకరు. ఐదో మనిషి ఏ పనీ చేయరు. పక్కన మంచం మీద కూర్చుని "గట్ల పెడితే ఎట్ల తింటడు?" అని అడుగుతారు. ఈ ఐదో పదవి ఖాళీగా ఉండగా మన ఇళ్లలో ఏ పిల్లవాడికీ అన్నం తినిపించిన దాఖలా లేదు.

ఉద్యమాల గడ్డ మీద పుట్టినవాళ్ళం కనుక ఈ ఏర్పాటును బుక్క జేఏసీ అనడం న్యాయం. జేఏసీ అన్నాక చీలికలు తప్పవు. మా ఇంట్లో నానమ్మ (అంటే మా అమ్మ) వర్గం మెత్తగా పిసికిన చారన్నం మీద నిలబడితే, అమ్మమ్మ వర్గం జనగామ నుంచి వీడియో కాల్‌లో పాలన్నం కోసం పట్టుబడుతుంది. ఉమ్మడి శత్రువు మాత్రం ఒక్కడే. నోరు బిగించి కూర్చున్నాడు.

ఇంత కష్టపడి కట్టుకున్న వ్యవస్థ మీద ఈ మధ్య దాడి మొదలైంది. అంగన్‌వాడీ టీచర్లు, పిల్లల డాక్టర్లు ఒక్కటై "గిన్నె ముందు పెట్టి ఊరుకోండి, ఆకలైతే తింటాడు" అంటున్నారు. ఊరుకోవడమట! ఇంట్లో ఆరుగురు పెద్దలుండగా!

మా అన్న కొడుకు సంగతే చూడండి. పద్దెనిమిది నెలలు. కిందటి నెల అంగన్‌వాడీలో తూస్తే 8.6 కిలోలు వచ్చాడు. టీచరమ్మ పెరుగుదల కార్డు తెరిచి చుక్క పెట్టింది. ఈ వయసు మగపిల్లల మధ్యరకం బరువు 10.9 కిలోలు. 8.8 దగ్గర ఒక గీత ఉంది. దానికి పైనుంటే పచ్చ, కిందికొస్తే పసుపు, అంటే తక్కువ బరువు. 7.8 కంటే తగ్గితే తీవ్రమైన తక్కువ బరువు. మావాడు పచ్చకు 200 గ్రాముల దూరంలో పసుపులో ఉన్నాడు. "ఒక్క చుక్క చూసి భయపడొద్దమ్మా, నెలనెలా చుక్కలు కలిపితే గీత పైకి పోతుందా, పండుకుందా, కిందికి దిగుతుందా, అది చూడాలె" అని మా వదినకు చెప్పింది.

"అవన్నీ తెల్లోళ్ళ లెక్కలు" అని కొట్టిపారేద్దామనుకున్నాం. ఆ దారి కూడా మూసేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఈ గీతలు ప్రకటించే ముందు బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలతో పాటు మన ఢిల్లీ పిల్లలను కూడా తూచి కూర్చుంది. సరైన తిండి, తల్లిపాలు, శుభ్రమైన ఇల్లు ఉంటే ఏ దేశం పిల్లలైనా ఇంచుమించు ఒకేలా పెరుగుతారని తేలిందట.

కానీ మనకు అంతకంటే గట్టి కొలమానం ఉంది. పక్కింటి పిలగాడు. కార్డు అక్కర్లేదు, తక్కెడ అక్కర్లేదు. పెళ్ళిలోనో, బతుకమ్మ దగ్గరో ఇద్దరినీ పక్కపక్కన ఎత్తుకుంటే చాలు. "మీవాడేంది గింత సన్నగున్నడు? ఏం పెడ్తలేరా?" అనే ప్రశ్న దానంతటదే పుడుతుంది. అడిగినావిడ తన మనవడు ఏం తింటాడో చెప్పదు, మీవాడి బక్క చేతిని రెండు వేళ్ళతో కొలిచి వదిలేస్తుంది. చేతి కొలతకు అంగన్‌వాడీలో కూడా ఒక టేపు ఉంది. మోచేతికి పైన చుట్టి చూస్తారు. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 12.5 సెంటీమీటర్ల పైనుంటే పచ్చ, 11.5 కంటే తక్కువైతే ఎరుపు. ఎరుపు వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పంపుతారు. పెళ్ళికొచ్చిన చుట్టాల వేళ్ళకు మాత్రం ఎరుపు ఒక్కటే తెలుసు.

మరో వాదన వినండి. పుట్టినప్పుడు మూడు కిలోలున్న పిల్లవాడు ఏడాదికి తొమ్మిదవుతాడు, అంటే మూడింతలు. రెండో ఏడాది మొత్తం కలిపి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించింది కాబట్టి ఆకలీ తగ్గుతుంది, ఇది రోగం కాదు అంటారు డాక్టర్లు. మన కుటుంబాలు దీనికి ఒప్పుకోవు. మొదటి ఏడాది వేగమే కొనసాగాలని మన డిమాండ్. ఆ లెక్కన రెండో పుట్టినరోజుకు 27 కిలోలు, మూడో పుట్టినరోజుకు 81. అప్పుడు కూడా నానమ్మ "జర బక్కగైండు" అనే అంటుంది, అది వేరే విషయం.

ఇక మా వంటింటి మీద పెట్టిన కేసులకు వస్తాను. మొదటిది పప్పుకట్టు. పప్పు ఉడికించి, గట్టి భాగం పెద్దలు తిని, పైన తేరిన నీళ్ళు పిల్లవాడికి పోయడం మనకు తరతరాలుగా ఉంది. బలమంతా ఆ నీళ్ళలోనే ఉందని నమ్ముతాం. పిల్లవాడి కడుపు చిన్నది, దాన్ని కట్టుతోనూ చారుతోనూ నింపితే నిండేది కడుపే గానీ ఒంటికి అందేది ఏముంది అని టీచరమ్మ ప్రశ్న. పప్పు గట్టిగా ఉడికించాలట, ఒక చెంచా నెయ్యి వేయాలట, పల్లీలు దంచి పొడి చేసి కలపాలట (గింజలు గింజలుగా పెడితే గొంతులో ఇరుక్కుంటాయట), గుడ్డు పెట్టాలట, రెండున్నర మూడు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టాలట. గట్టి పప్పంతా వాడికే పోతే బాపు ఏం తింటాడు? ఈ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. బాపు బరువు 84 కిలోలు.

రెండో కేసు పాలు. బువ్వ తినలేదా, సీసా. ఏడ్చాడా, సీసా. పడుకోబోతున్నాడా, సీసా. మధ్యాహ్నానికే ముప్పావు లీటరు లోపలికి పోతుంది. ఆ తర్వాత అన్నం గిన్నె చూసి వాడు మొహం తిప్పుకుంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. రోజుకు అర లీటరు దాటితే ఆకలి చస్తుంది, పాలలో ఇనుము దాదాపు లేదు కాబట్టి రక్తం కూడా తగ్గుతుంది అని డాక్టర్ అన్నాడు. మేమేమో ఆకలి పుట్టించే సిరప్ రాయమని వెళ్ళాం! ఆయన ఆకలి చంపుతున్న సీసాను ఆపమన్నాడు. మందులచీటీ చిన్నగా ఉందని మా అమ్మకు ఆయన మీద గురి పోయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2019-21లో తెలంగాణలో ఆర్నెల్లు దాటిన ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతానికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అందుకే వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు వేయమని ప్రభుత్వం ఇనుము సిరప్ ఇస్తుంది. మా ఇంట్లో ఆ సీసా మూత తీయకుండా కిటికీలో భద్రంగా ఉంది. ప్రభుత్వ ఆస్తిని కాపాడటం మన బాధ్యత కదా.

మూడోది ఐదు రూపాయల ప్యాకెట్. అన్నానికి అరగంట ముందు పిల్లవాణ్ణి చంకనేసుకుని కిరాణా కొట్టుకు నడవడం తాతకు వ్యాయామం. ప్యాకెట్ పిల్లవాడికి ఆనందం. కొట్టాయనకు గిరాకీ. ముగ్గురు బాగుపడే పనిని, ఒక్క బువ్వగిన్నె కోసం ఆపమంటున్నారు.

ఫోన్ గురించి చెప్పాలంటే, రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దని భారతీయ పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. కాజీపేట వాళ్ళకు ఇందులో కొంత వెసులుబాటు. పట్టాల దిక్కున్న ఇళ్లలో రైళ్ళు చూపించి తినిపిస్తారు. పుష్‌పుల్ లేటైతే బుక్క లేటు. కరెంటు, వైఫై మీద ఆధారపడకుండా నడిచే పద్ధతి అది ఒక్కటే. కానీ రైలు చూస్తూ తిన్నా, ఫోన్ చూస్తూ తిన్నా నోట్లోకి ఏం పోతోందో, కడుపు ఎప్పుడు నిండిందో పిల్లవాడికి తెలియదట. తెలియకూడదనే కదా చూపిస్తున్నది!

దిష్టి దగ్గర మాత్రం మా ఇంట్లో నిజంగానే ఒక సాంకేతిక లోపం జరిగింది. శాస్త్రం అందరికీ తెలిసిందే. మిరపకాయలు తిప్పి మంటలో వేస్తే ఘాటు లేచి ఇల్లంతా దగ్గితే దిష్టి లేనట్టు, ఘాటు రాకపోతే పెద్ద దిష్టి తగిలినట్టు. మా అమ్మ ఎన్నిసార్లు తీసినా ఒక్కరూ దగ్గలేదు. ఘోరమైన దిష్టి అని ఖాయమైంది. పక్కింటివాళ్ళ మీద, వాళ్ళ చుట్టాల మీద అనుమానాలు బలపడ్డాయి. చివరకు తేలిందేమిటంటే, మా డబ్బాలో ఉన్నది చపాటా మిర్చి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ సరుకే. రంగు దండిగా ఉంటుంది, కారం తక్కువ. ఎనుమాముల మిర్చి మార్కెట్ ఉన్న ఊళ్లో పుట్టి, ఘాటైన తేజ రకంతో తీయాల్సిన దిష్టిని చపాటాతో తీశాం. పక్కింటివాళ్ళతో మాటలు మాత్రం ఇంకా కలవలేదు.

బాలామృతం సంగతి దాచి లాభం లేదు. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్ అంగన్‌వాడీ నుంచి వస్తుంది. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి అందులో. దానితో లడ్డూలు చాలా బాగా వస్తాయి. మా ఇంట్లో అందరూ తింటారు, తినని వాడు ఒక్కడే, ఎందుకంటే వాడి కోసం అన్న హన్మకొండ నుంచి వెయ్యి రూపాయల పొడి డబ్బా తెస్తాడు. డబ్బా మీద బొద్దు పిల్లవాడి బొమ్మ ఉంటుంది. బాలామృతం ప్యాకెట్ మీద ధర లేదు. ధర లేనిదానిలో బలం ఎక్కడుంటుంది?

అదే కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.8 శాతం మంది వయసుకు తగ్గ బరువు లేరు. వాళ్ళలో చాలామంది ఇళ్లలో కాళ్ళు పట్టుకోవడానికి ఐదుగురు లేరు. పొద్దున్నే మిర్చి ఏరడానికి పోయే తల్లి, వెంట ఇంకో పిల్లను చూసుకునే ఐదేళ్ల అక్క, అంతే. ఆ ఇంటి పిల్లవాడు "తినను" అనడు. ఆ బాలామృతం ప్యాకెట్ వాడి కోసం మొదలుపెట్టింది. ఈ పేరా వ్యంగ్య వ్యాసంలో ఉండకూడదని తెలుసు, ఉండనివ్వండి.

ఎలిన్ శాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలు ఒక పంపకం చేసింది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నవి పెద్దల శాఖలు. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లవాడి శాఖ. ఇలాంటి సంకీర్ణ ప్రభుత్వం మన దగ్గర నిలబడదు. బరువు తగ్గుతున్నా, జ్వరమో విరేచనాలో వదలకున్నా, గీత కిందికే పోతున్నా డాక్టర్ దగ్గరికి పోవాలి, అందులో తగువు లేదు. మిగతా రోజుల్లో కూడా పిల్లవాడి శాఖలో వేలు పెట్టకుండా ఉండమంటే పెద్దరికం దేనికి?

మొన్న ఆదివారం జరిగింది వింటే మా బాధ అర్థమవుతుంది. బాపు సర్వపిండి తింటున్నాడు. అడుగు ఎర్రగా మాడిన ముక్క, నువ్వులు పైకి తేలి ఉన్నాయి. మావాడు పాక్కుంటూ పోయి ఆయన కంచం అంచు పట్టుకుని లేచాడు. ఒక ముక్క తుంచాడు, చూశాడు, నాకాడు, మొహం ముడిచాడు, మళ్ళీ నాకాడు. ముందున్న నాలుగు పళ్ళతో కొరికాడు. ఎవరూ పాట పాడలేదు, ఎవరూ కాకిని చూపించలేదు. జేఏసీ మొత్తం నోరు తెరుచుకుని నిలబడింది. ముందుగా తేరుకున్నది నానమ్మ. "వద్దు బిడ్డా, కారం!" అని ముక్క గుంజుకుంది. వాడు ఏడ్చాడు. ఆ ఏడుపు నోరు తెరిచి ఉండగానే వదిన చారన్నం బుక్క పెట్టేసింది. వాడు ఉమ్మేశాడు. మా బలగం సమయస్ఫూర్తికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? కారం వేయకుండా వాడి కోసం ఒకటి చేస్తే సరిపోయేది కదా అని టీచరమ్మ తర్వాత అంది. ఒక కొత్త రుచిని పది పన్నెండు సార్లు ముందు పెడితే గానీ పిల్లలు అలవాటు పడరట. మన ఇంట్లో ఒక్కసారి ఉమ్మితే చాలు, "మావాడికి గుడ్డు పడదు" అని జీవితకాలపు తీర్పు వచ్చేస్తుంది.

ఇలా ఉండగా నానమ్మ మేడారం మొక్కు మొక్కింది. పిల్లవాడు ఒళ్ళు చేస్తే సమ్మక్క సారలమ్మలకు వాడి ఎత్తు బంగారం, అంటే బెల్లం, ఇస్తానని. బాపు లెక్కల మనిషి. ఒళ్ళు చేసినాక ఇస్తే ఎక్కువ తూగుతుంది, ఇప్పుడే ఇచ్చేద్దామన్నాడు. పిల్లవాడు బక్కగా ఉండటంలో లాభం చూసిన మొదటి మనిషి ఆయనే.

రేపు మళ్ళీ అంగన్‌వాడీలో తూకం. వయసు నెల పెరిగింది కాబట్టి గీత కూడా 8.9కి జరుగుతుందని వదిన కార్డు చూసి చెప్పింది. అంటే 300 గ్రాములు కావాలి. రాత్రి జేఏసీ అత్యవసరంగా కూర్చుంది. చాలా రోజుల తర్వాత రెండు వర్గాలూ ఒక్కమాట మీదికొచ్చాయి. ఏప్రిల్ ఎండైనా సరే స్వెట్టర్ తొడగాలి, తక్కెడ ఎక్కే ముందు పావు లీటరు పాలు పట్టాలి. బట్టలు విప్పమని టీచరమ్మ అంటే విప్పుదాం గానీ వెండి మొలతాడు, కాళ్ళ కడియాలు ఆచారం, వాటి మీద చెయ్యి వేయనిచ్చేది లేదని నానమ్మ తేల్చి చెప్పింది. కడియాలు ఎన్ని తులాలో చూడమని బాపు బంగారం కొట్టుకు ఫోన్ చేశాడు.