టీఆర్ 4 అంటే నాలుగో స్టేజ్ కాదు బావా

"థైరాయిడ్ గడ్డ స్కానింగ్: డాక్టర్లు చెప్పని నిజాలు." ఈ వారంలో ఈ మెసేజ్ నాకు రావడం నాలుగోసారి. చివర్న "పది మందికి పంపండి" అని ఉంటుంది. ఈసారి పంపింది పాలకొల్లు బావ. నాకు పంపి ఊరుకుంటే పోయేది. మా పిన్నికీ పంపాడు. ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

స్కానింగ్ రేడియేషన్‌కే గడ్డ క్యాన్సర్ అవుతుందట. అది శబ్ద తరంగాలతో తీసేది. కడుపుతో ఉన్నవాళ్లకి తీసేదీ అదే. క్యాబేజీ మానేస్తే గడ్డ కరుగుతుందట. మానేయండి, మాకు ఇంకాస్త చవగ్గా దొరుకుతుంది.

పిన్నిని మంచం ఎక్కించింది మూడోది: "రిపోర్టులో టీఆర్ 4 అని ఉంటే క్యాన్సర్ నాలుగో స్టేజ్." అయ్యా, ఆ అంకె అనుమానం ఎంతో చెబుతుంది, అంతే. స్టేజ్ అనేది క్యాన్సర్ అని తేలాక లెక్కేసేది. టైరాడ్స్ అని అమెరికా రేడియాలజీ కాలేజీ 2017లో ఇచ్చిన మార్కుల పద్ధతి ఇది. గడ్డలో ఉన్నది నీరా, కండా? పక్క కండ కంటే ఎంత నల్లగా ఉంది? అంచు గరుకుగా ఉందా? వెడల్పు కంటే ఎత్తు ఎక్కువా? లోపల సన్నటి తెల్ల చుక్కలున్నాయా? వీటికి మార్కులేసి కూడితే 4 నుంచి 6 వచ్చినవి టీఆర్ 4. ఏడూ ఆపైన వస్తే టీఆర్ 5. టీఆర్ 4 వచ్చినా గడ్డ 1.5 సెంటీమీటర్లో అంతకంటే ఎక్కువో ఉంటేనే సూది పరీక్ష (సన్న సూదితో గడ్డలోంచి కణాలు తీసి చూడటం) చేయమంటారు. పిన్నిది 1.1. ఏడాది ఆగి మళ్లీ స్కాన్ తీయించుకోమన్నారు, అంతే.

ఇంకో మాట. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువమందికి వచ్చే పాపిల్లరీ రకంలో, 55 ఏళ్ల లోపు వాళ్లకి ఎక్కడికి పాకినా రెండో స్టేజ్ దాటించరు. పిన్నికి 48. ఆ రకంలో ఆవిడ కావాలన్నా నాలుగో స్టేజ్ ఇవ్వరు!

సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందట. అలా జరగడం అత్యంత అరుదు. ఆ సూది రక్తం తీసే సూది కంటే సన్నం. దానికి భయపడి నేరుగా ఆపరేషన్‌కి వెళ్లి గ్రంథి మొత్తం తీయించుకుంటే, రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుంటూ బతకాలి. గడ్డ చివరికి మామూలుదే అని తేలినా సరే.

ఆఖరిది: "అందరూ ఆరు నెలలకోసారి మెడ స్కాన్ చేయించుకోండి." రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తుందన్న పెద్దమనిషే ఇదీ రాశాడు, ఆయ్! దక్షిణ కొరియాలో ఏ బాధా లేనివాళ్లకి కూడా స్కాన్లు తీశారు. 1993తో పోలిస్తే 2011కి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లయ్యాయి. చావులు మాత్రం దాదాపు అక్కడే ఉన్నాయి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. "ఒకే గడ్డకి రెండు చోట్ల రెండు రిపోర్టులు ఇస్తారు" అని కూడా ఉంది అందులో. నిజమే. పిన్నికి భీమవరంలో టీఆర్ 4 అన్నారు, రాజమండ్రిలో టీఆర్ 3 అన్నారు. కొబ్బరి బొండాన్ని చూసి లేతదో ముదురో చెప్పడం అందరికీ ఒకేలా రాదు కదా. అందుకే వచ్చే ఏడాది పాత ఫిల్ములు పట్టుకుని వెళ్లమన్నాను.

బావా, ఆ పది మందిలోంచి పిన్ని నంబరు తీసెయ్యి.