ఉభయకుశలోపరి: స్నాప్ స్వివెల్ గారికి బహిరంగ లేఖ

హైదరాబాద్,
మృగశిర కార్తె.

మహారాజశ్రీ స్నాప్ స్వివెల్ గారికి,

ఉభయకుశలోపరి. ఉభయులంటే ఇక్కడ ఒకరు దారం, ఇంకొకరు ఎర. మధ్యలోకి తమరు రానంతవరకు ఇద్దరూ కుశలంగానే ఉండేవారు. ఈ లేఖ రాయాల్సి వచ్చింది అందుకే.

తమరెవరో తెలియనివారి కోసం రెండు ముక్కలు. గాలంతో చేపలు పట్టేవాళ్లు దారానికి, ఎరకు మధ్య తగిలించే పరికరం తమరు: చిన్న పీపాలాంటి లోహపు గుండు, దాని రెండు చివర్లా రెండు కళ్లు, ఒక కంటికి పిన్నీసులాంటి కొక్కెం. పిన్నీసు విప్పు, లూర్ (నకిలీ ఎర) తగిలించు, మూసెయ్. ముడి వేయడం రాని కుర్రాడికి ఇంతకంటే వరమేముంది? కర్ర, రీలు, రెండు ప్లాస్టిక్ చేపలు కొన్నవాడి సంచిలో దుకాణదారు తమరిని ఒక గుప్పెడు పోసి, "ఇది భీ ఉంచు తమ్మీ, మార్చుకోనీకి ఆసాన్ ఉంటది" అంటాడు. ఆ రోజు నుంచి కుర్రాడు ఏ ఎర వేసినా దాని ముక్కు ముందు తమరే.

ఈ ఊరికి దళారులు కొత్త కాదు. టులెట్ బోర్డు మీద నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తేది ఇంటి ఓనరు కాదు. ప్లాటు దగ్గరికి వెళ్తే అమ్మేవాడి మొహం కనిపించేలోపు ముగ్గురు మన డబ్బులతో ఇరానీ చాయ్ తాగేస్తారు. అయినా ఆ పెద్దమనుషులు కమీషన్ తీసుకున్నాక పక్కకు తప్పుకుంటారు. తమరు మాత్రం నీళ్లలోకి కూడా వెంట వస్తారు.

తమకు అసలు పనే లేదని అనడం అన్యాయం. రెక్క గిరగిరా తిరిగే స్పిన్నర్, నీళ్లలో దొర్లే రేకు చెంచా, ఈ రెండూ దారాన్ని మెలిపెడతాయి. ఆ మెలికను తినేయడానికే తమరు పుట్టారు. అప్పుడు కూడా తమ స్థానం ఎర ముక్కు మీద కాదు, దానికి 45 నుంచి 60 సెంటీమీటర్లు పైన. పైన అసలు దారం, కింద లీడర్ ముక్క (ఎరకు ముందు కట్టే విడి దారం), మధ్యలో కొక్కెం లేని ఒట్టి స్వివెల్. అక్కడ తమరుంటే మేమే దండం పెడతాం. లేకపోతే కాసేపటికే దారం రీలు మీంచి చుట్టలు చుట్టలుగా లేచి, తర్వాతి విసురుకు పిచ్చుక గూడై కూర్చుంటుంది.

కాని మెలికలన్నీ ఎర వల్లే వస్తాయా? పెద్ద చేప లాగుతుంటుంది, రీలులోని డ్రాగ్ (లాగుడు మించితే దారం వదిలే బ్రేకు) కిర్రుమని దారం వదులుతుంటుంది, మనవాడు కంగారులో పిడి తిప్పుతూనే ఉంటాడు. స్పిన్నింగ్ రీలు నిష్పత్తి 5:1 అయితే, అంటే పిడి ఒక చుట్టుకు దారం చుట్టే తీగ ఐదు చుట్లు తిరిగితే, ఆ స్థితిలో ఒక్కో పిడి చుట్టుకు దారంలో ఐదు మెలికలు పడతాయి. ఇరవై చుట్లకు వంద. చేప రాదు, మెలికలు మాత్రం లెక్క తప్పకుండా వస్తాయి. ఇది తమరు బాగుచేసే రోగం కాదు. డ్రాగ్ పాడేటప్పుడు పిడి ఆపాలి. కర్ర ఎత్తి చేపను లాగి, కర్ర దించుతూ దారం చుట్టుకోవాలి. మెలికలు ఇప్పటికే పడిపోతే ఎర విప్పేసి, ఉత్త దారాన్ని పారే కాలువలో యాభై మీటర్ల దాకా వదిలి మెల్లగా చుట్టుకుంటే చాలావరకు విడిపోతాయి.

ఇక తమ వ్యాపార రహస్యానికి వద్దాం. తమ గిరాకీలో సగం మేం ఎరను వంకరగా గుచ్చడం వల్ల వచ్చిందే. రబ్బరు చేప జిగ్ తల (గాలానికి పోతపోసిన సీసపు గుండు) మీద వంకరగా కూర్చుంటే నీళ్లలో ఈదదు, బొంగరంలా తిరుగుతుంది. తిరిగితే దారం మెలిపడుతుంది. దారం మెలిపడితే కుర్రాడు దుకాణానికి పోతాడు. దుకాణదారు ఇంకో గుప్పెడు తమరిని పోస్తాడు. తమరి బరువుకు రబ్బరు చేప ముక్కు ఇంకొంచెం కిందికి వంగుతుంది. రోగం, మందు, మందు తెచ్చే రోగం, అన్నీ ఒకే కొట్లో.

దీనికి విరుగుడు ఖర్చు లేనిది. 7 సెంటీమీటర్ల పాడిల్ టెయిల్ (తెడ్డు తోక) రబ్బరు చేపకు 3 నుంచి 5 గ్రాముల జిగ్ తల చాలు. గుచ్చేముందు గాలాన్ని చేప పక్కన ఆనించి, వంపు వీపు మీద ఎక్కడికి వస్తుందో చూసి గోటితో చిన్న గీత పెట్టాలి. చాలామంది ఈ గీత పెట్టరు, కన్ను కొలతతో పోతారు. మొనను ముక్కు నడిమధ్య దింపి, చేప కడుపులోంచి నిటారుగా నడిపించి, గీత దగ్గరే వీపు మీదకు తేవాలి. గీత దాటి బయటికొస్తే చేప గూనిదవుతుంది. గీతకు ముందే వస్తే రబ్బరు సాగి తోక బిగుసుకుంటుంది, ఆడదు. సీసపు తల వెనక ఉండే చిన్న ముల్లు దాకా రబ్బరును తోసి, అక్కడ ఒక చుక్క సూపర్ గ్లూ పెడితే నాలుగు కాట్లకు జారిపోదు. తర్వాత బకెట్ నీళ్లలో ఒకసారి, గట్టు దగ్గర తేట నీళ్లలో మీటరు దూరం ఇంకోసారి లాగి చూడాలి. తోక ఒక్కటే ఊగితే సరే. ఒళ్లంతా తిరిగితే పీకి మళ్లీ గుచ్చాలి. ఈ రెండు నిమిషాలు పెట్టినవాడికి తమ అవసరం లేదు.

టెక్సాస్ రిగ్‌లో, అంటే గాలం మొనను రబ్బరు పురుగులో దాచే పద్ధతిలో, తమరు చేసే నిర్వాకం ఇంకో రకం. అందులో 5 నుంచి 7 గ్రాముల తూటా సీసం మొన కర్ర వైపు ఉండేలా దారంలోకి ఎక్కుతుంది. దాని కింద మెడ విరుపు ఉన్న ఆఫ్‌సెట్ గాలం, 10 సెంటీమీటర్ల రబ్బరు పురుగుకు 2/0 లేదా 3/0 సైజు. మొనను పురుగు ముక్కులో నేరుగా అర సెంటీమీటరు దింపి, కడుపు వైపుకు తీసి, గాలం కన్ను ముక్కులో దాక్కునేదాకా లాగుతారు. గాలాన్ని అర చుట్టు తిప్పితే మొన పురుగు వైపు చూస్తుంది. పురుగును తిన్నగా వేలాడదీసి, వంపు తాకే చోట గుచ్చి, వీపు మీదకు తెచ్చి, మొనను పైచర్మంలో వెంట్రుకవాసి దాస్తారు. సీసం, పురుగు తల అతుక్కుని ఒకే ముక్కలా తుంగలోంచి జారిపోవడమే దీని గొప్పతనం. మనవాడు గాలాన్ని తమ పిన్నీసుకు తగిలిస్తాడు. సీసం తమ నెత్తిన కూర్చుంటుంది, పురుగు దూరంగా వేలాడుతుంది, ఆ సందులోకి నాచంతా వస్తుంది. తీగ లాగితే డొంకంతా కదలడమంటే అదే. గట్టుకు చేరేసరికి పురుగు కనబడదు, అరకిలో ఆకుకూర కనబడుతుంది.

అయినా తమ మీద మా అసలు కోపం కొర్రమీను దగ్గర. అది మన రాష్ట్ర చేప. నీటిపైకి వచ్చి గాలి పీల్చే చేప కాబట్టి మిగతావి బతకలేని బురదలోనూ, గుర్రపు డెక్క కిందా, తామరాకుల నీడలోనూ ఉంటుంది. దాని కోసం చేసిందే బోలు రబ్బరు కప్ప. రెండు గాలాలూ పైకి తిరిగి కప్ప వీపుకు అంటుకుని ఉంటాయి, ఆకుల మీదుగా గెంతినా ఎక్కడా తగులుకోవు. ఆ కప్పను తయారుచేసినవాడు ముక్కు దగ్గర్నుంచి తోక దాకా చిక్కు పడే చోటు లేకుండా బుర్ర చించుకున్నాడు. కుర్రాడు దాని ముక్కుకు తమరిని తగిలించాడు. నున్నటి కారు బానెట్‌కు కంపచెట్టు కట్టినట్టు. మూడో విసురుకే కప్ప గడ్డం కింద నాచు గడ్డం మొలుస్తుంది. కొర్రమీను కప్పల్ని చాలా చూసింది, గడ్డమున్న కప్పను చూడలేదు.

కప్ప కూడా పాకెట్‌లోంచి తీసినది తీసినట్టు వేసేది కాదు. వేలితో నొక్కి చూడాలి. కొన్ని కప్పలు రాయిలా ఉంటాయి, చేప నోట్లో నలగవు, గాలం బయటపడదు. కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచితే మెత్తబడతాయి. గాలం మొనలు వీపును మరీ ఒత్తుకుని ఉంటే పట్టకారుతో ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి తెరవాలి. అంతకు మించితే నాచు మొదలు. కాళ్ల కుచ్చులు పొడవుగా ఉంటే కొర్రమీను కాళ్లే పట్టి లాగి వదిలేస్తుంది, కాబట్టి రెండు వైపులా కొంత కత్తిరించాలి. బొడ్డు దగ్గర రంధ్రంలోంచి నీళ్లెక్కుతాయి, నాలుగైదు విసుర్లకోసారి పిండాలి. పిండకపోతే కప్ప మునుగుతుంది, మునిగితే గెంతదు. నీళ్లు బుడుంగుమన్న క్షణంలో కర్ర ఎగరేయకూడదు. చేతికి బరువు తెలిసేదాకా, ఒక సెకను, రెండు సెకన్లు ఆగాలి. చప్పుడుకు లాగినవాడి మొహానికి కప్పే తిరిగొస్తుంది, రెండు గాలాలతో సహా.

అన్నట్టు, వానాకాలంలో నీటిపైన ఎర్రటి పిల్లల గుంపు సుడిలా తిరుగుతూ కనిపిస్తే అక్కడ కప్ప వేయొద్దు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అవి ఆకలికి కాదు, కోపానికి కొడతాయి. వాటిని తీసేస్తే పిల్లలన్నీ తిలాపియా చేపల పాలు. చెరువు మీద మత్స్యకారుల సంఘానికి హక్కుంటే ముందు వాళ్లను అడగాలి. అడగడానికి కూడా దళారి అక్కర్లేదు.

కప్పకు 40 నుంచి 50 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (సన్నని పోగులు అల్లిన దారం), పాలోమర్ ముడి. దారాన్ని 20 సెంటీమీటర్లు రెండు పేటలుగా మడిచి కంటిలోంచి దూర్చి, మామూలు ముడి వదులుగా వేసి, ఆ ఉచ్చులోంచి కప్ప మొత్తాన్ని దాటించి, తడిపి బిగించాలి. కప్ప దూరాలి కాబట్టి ఉచ్చు పెద్దదిగా ఉండాలి, చిన్న ఉచ్చుతో కుస్తీ పట్టేవాళ్లే తిరిగి తమ కాళ్ల మీద పడతారు. నైలాన్ మోనోకు (ఒంటి పోగు దారానికి) ఇంప్రూవ్డ్ క్లించ్ ముడి చాలు. కంటిలోంచి తీసి, అసలు దారం చుట్టూ ఐదారు చుట్లు చుట్టి, కంటి పక్కనున్న చిన్న ఉచ్చులో దూర్చి, అప్పుడు ఏర్పడ్డ పెద్ద ఉచ్చులో మళ్లీ దూర్చి, ఉమ్మితో తడిపి మెల్లగా లాగాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ అక్కడే బలహీనపడి, సరిగ్గా పెద్ద చేపకే తెగుతుంది. ఇదే ముడి బ్రెయిడ్‌కు వేస్తే జారిపోతుంది, అది నున్నటిది. రెండు ముడులూ బట్టలారేసే తాడుతో, తాళంచెవుల రింగుకు ఓ సాయంత్రం వేసి చూస్తే చేతికి వచ్చేస్తాయి. తర్వాత గట్టు మీద అరనిమిషం పని. ఆ అరనిమిషం మిగిల్చినందుకా తమకింత కమీషన్?

గట్టి ఎరల సంగతి తొందరగా ముగిస్తాం. మూతి కింద నాలుక రేకు ఉన్న క్రాంక్‌బైట్‌కు రింగు ఉంటే దారం ఆ రింగుకే. లేకపోతే ఊగడానికి వీలుగా ఉచ్చు ముడి. ముడి బద్ధకమైతే పీపా లేని ఒట్టి స్నాప్ (కొక్కెం) చాలు, తమ ఇంట్లో బుద్ధిమంతుడు వాడొక్కడే. 5 సెంటీమీటర్ల ఎరకు తమరి బరువు కట్టడమంటే పసిపిల్లాడి మెడలో తాళం గుత్తి వేయడం, నడక చచ్చిపోతుంది. ఎర ఒక పక్కకు లాగుతుంటే తమరిని మార్చినా లాభం లేదు. ముక్కు మన వైపు పెట్టుకుని, అది ఎడమకు పోతుంటే ముందున్న కన్నును పట్టకారుతో కుడికి రవ్వంత వంచి, మళ్లీ లాగి చూడాలి. నీటిపైన బుడబుడలాడే పాపర్‌కు తమరు తగిలితే ముక్కు మునుగుతుంది, బుడబుడ ఆగుతుంది.

ఒక నేరం మాత్రం మాఫీ చేయలేం. బ్రెయిడ్‌కు, లీడర్‌కు మధ్య తమరిని పెట్టినవాడు లీడర్ పొడవు మరిచి రీలు చుట్టేస్తాడు. తమరు టప్‌మని కర్ర చివరి రింగుకు కొట్టుకుంటారు. లోపలి సిరామిక్ వలయం సన్నగా చిట్లుతుంది, కంటికి కనబడదు. ఆపై వారం రోజులూ బ్రెయిడ్ కారణం లేకుండా తెగుతుంటే కుర్రాడు దారాన్ని తిడతాడు. దూది ఉండను ఆ రింగులోంచి లాగితే దొంగ దొరుకుతాడు, పోగులు ఎక్కడ చిక్కుకుంటే అక్కడే చిట్లు. రెండు దారాలు కలపడానికి డబుల్ యూని ముడి ఉంది. బ్రెయిడ్ వైపు ఎనిమిది చుట్లు, లీడర్ వైపు నాలుగైదు. రింగులోంచి సాఫీగా పోతుంది, కమీషన్ అడగదు.

కాబట్టి నేటి నుంచి తమ బదిలీ ఉత్తర్వు ఇది: పెట్టెలో స్పిన్నర్లు, రేకు చెంచాలు ఉండే అర దాటి బయటికి రాకూడదు. కప్పల అరలో కనిపిస్తే నేరుగా చెత్తడబ్బాకే. కత్తిరించిన దారపు ముక్కలు కూడా అందులోకే, గట్టు మీద పడేస్తే కొంగల కాళ్లకు చుట్టుకుంటాయి.

ఇట్లు,
తమ కమీషన్ కట్టీ కట్టీ విసిగిన గట్టు మీదివాళ్లం.

తా.క.: ఉద్యోగంలో ఉంచుకునే తమవారికి ఒక పరీక్ష. కొనేటప్పుడు సైజు చూసుకోవాలి, 7 కంటే 10 చిన్నది. స్వివెల్ రెండు కళ్లకూ దారం కట్టి, పైది దూలానికి వేసి, కిందిదానికి రెండు కిలోల బియ్యం సంచి వేలాడదీయాలి. బరువు దారం మీదే ఉంచి, సంచిని ఇరవై చుట్లు మెలిపెట్టి, వెనక్కి తిరగకుండా పట్టుకోవాలి. బరువు మీద ఉండగా పీపా దానంతట అది తిరిగి కింది దారం విడిపోతే ఆ స్వివెల్ పనికొచ్చినట్టే. బాల్ బేరింగ్‌వి సాధారణంగా తిరుగుతాయి. చవక ఇత్తడివి చాలావరకు పైకీ కిందికీ చూస్తూ అలాగే నిలబడతాయి. వాటిని స్కూటర్ తాళంచెవికి వేసుకోవచ్చు.